పద్యాన్ని గోడ మీద వెలిగించాలంటే: ప్రొజెక్టరా, గోబోనా, కోసిన రేకా, నియానా?

గ్రంథాలయం గోడ మీదో, చెరువు కట్ట మీదో, బస్టాండు ఎదుటో ఒక పద్యం రాత్రిపూట వెలుగుతూ కనిపించాలని అనుకున్నవాళ్ళు సాధారణంగా ముందు దీపం గురించి ఆలోచిస్తారు. ప్రొజెక్టర్ అద్దెకు తేవాలా, నియాన్ చేయించాలా అని. అక్కడే దారి తప్పుతుంది. ఏ దీపం పనికొస్తుందో తేల్చేది పద్యమే. పాదానికి ఎన్ని అక్షరాలు, ఎన్ని వత్తులు, ఎంత దూరం నుంచి చదవాలి, ఎన్ని రాత్రులు వెలగాలి అన్న నాలుగూ తెలిస్తే సాధనం దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాలకు పనికొచ్చే పద్ధతులన్నీ తెలుగుకు పనికిరావు. అమెరికన్ కళాకారుడు బ్రూస్ నౌమన్ 1967లో ఒక వాక్యాన్ని నియాన్ గొట్టాలతో చుట్టలా తిప్పి వెలిగించాడు. మరో అమెరికన్ కళాకారిణి జెన్నీ హోల్జర్ 1982లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని బల్బుల బోర్డు మీద తన వాక్యాలను నడిపించింది. ఆ లిపికి వత్తులు లేవు, కొమ్ములు లేవు, గుడులు లేవు. మన లిపిలో ఒక్క అక్షరం పైకీ కిందికీ మూడంతస్తులుగా ఉంటుంది. అందుకని ఈ పోలికంతా తెలుగు అక్షరాన్ని దృష్టిలో పెట్టుకునే సాగుతుంది.

ముందు పద్యం కొలత తీయండి

ఆటవెలది ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (ఒక్కోటి 2–3 అక్షరాల గుంపు), రెండు ఇంద్రగణాలు (ఒక్కోటి 3–4 అక్షరాలు). అంటే 12 నుంచి 17 అక్షరాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే కాబట్టి 10 నుంచి 15. తేటగీతి పాదం కూడా 12–17 మధ్యే ఉంటుంది. శార్దూలానికి 19, ఉత్పలమాలకూ మత్తేభానికీ 20, చంపకమాలకు 21. కందం సంగతి వేరు: ఒక పాదంలో 12 మాత్రలు, తర్వాతి పాదంలో 20. గోడ మీద పొట్టి పంక్తి, పొడుగు పంక్తి ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఎడమ అంచు సమంగా పెట్టి కుడివైపు వదిలేస్తేనే అది కందంలా కనిపిస్తుంది. మధ్యకు సర్దితే శుభలేఖలా ఉంటుంది. సీసం పాదం 22 నుంచి 30 అక్షరాలు. రెండుగా విరిచి, కింద గీతపద్యం కూడా కలిపితే 12 పంక్తులవుతుంది. వీధిలో నడిచేవాళ్ళ కోసం సీసం పెట్టకండి. ఆగి కూర్చునే చోటు, అంటే పార్కు, ఘాట్, ఆరుబయలు రంగస్థలం ఉంటేనే పెట్టండి.

ఇక అక్షరం ఎత్తు. సైన్‌బోర్డుల లెక్కలో హాయిగా చదవడానికి ప్రతి 3 మీటర్ల దూరానికీ 25 మి.మీ. ఎత్తు కావాలంటారు. తెలుగులో ఈ 25 మి.మీ.ని వత్తూ గుడీ తీసేసి, ఒట్టి అక్షరం ఒళ్ళు వరకే లెక్కించాలి. ఎందుకంటే ద–ధ, డ–ఢ, ప–ఫ జంటల్లో తేడా కింద ఉండే ఒక చిన్న నిలువు గీత మాత్రమే. థ, ఠల లోపలి చుక్కదీ అదే పరిస్థితి. దూరం పెరిగేకొద్దీ ముందు మాయమయ్యేవి అవే. చదివేవాళ్ళు 15 మీటర్ల దూరంలో ఉంటే 125 మి.మీ. కనీసం, 150 పెట్టుకుంటే నిశ్చింత.

ఒళ్ళు 150 మి.మీ. అయితే, పైన గుడికీ కింద వత్తుకూ చోటిచ్చి, పంక్తికీ పంక్తికీ మధ్య 400 మి.మీ. వదలాలి. ఇంగ్లీషు అలవాటుతో 250–300కి కుదించే డిజైనర్లు చాలామంది. అప్పుడు మొదటి పాదం వత్తులు రెండో పాదం గుడుల్లోకి దిగబడతాయి. అక్షరానికి సగటున 180 మి.మీ. వెడల్పు వేసుకుంటే 17 అక్షరాల ఆటవెలది పాదం దాదాపు 3 మీటర్లు. నాలుగు పాదాలకు ఎత్తు 1.6 మీటర్లు. కాబట్టి 3 × 1.6 మీటర్ల ఖాళీ గోడ ఉంటే ఆటవెలది సరిపోతుంది. ఉత్పలమాలకు 3.6 మీటర్లు కావాలి.

ఇంకొక సంగతి ఇక్కడే చూసుకోవాలి. మన దేశంలో కవి మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు రచనకు కాపీరైట్ ఉంటుంది. వేమన, పోతన, 1915లో కన్నుమూసిన గురజాడ రచనలకు ఆ సమస్య లేదు. 1971లో పోయిన జాషువా రచనలకు 2031 చివరి దాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి దాకా హక్కుదారుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఏ పద్ధతికైనా మొదటి పని: అక్షరాన్ని గీతగా మార్చడం

పద్యాన్ని ఫాంటు రూపంలో ఎవరికీ పంపకండి. డీటీపీ పనికి వాడే ‘అను’ అనే ఫాంటులో టైపు చేసిన ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలొస్తాయి. యూనికోడ్‌లో చేసినా, తెలుగు వత్తుల కూర్పు తెలియని వీడియో, లేజర్ సాఫ్ట్‌వేర్లు ‘లక్ష్మి’ని పొల్లులతో సహా ముక్కలు చేసి చూపిస్తాయి. ఇంక్‌స్కేప్ లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో పద్యం టైపు చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కి గీతలుగా మార్చండి. ప్రొజెక్టర్‌కు పీఎన్‌జీ ఫైలు, రేకు కోతకు డీఎక్స్ఎఫ్ ఫైలు ఇవ్వండి. కోతకు ఇచ్చేముందు ‘యూనియన్’ నొక్కి, ఒకదాని మీద ఒకటి పడిన గీతల్ని ఒకటిగా కలపడం తప్పనిసరి. వత్తు గీత అక్షరం గీత మీదుగా పోయిన చోట, కలపకుండా ఇస్తే యంత్రం రెండు గీతల్నీ విడివిడిగా కోస్తుంది. అక్షరం మధ్యలో ఒక ముక్క ఊడి చేతికొస్తుంది.

ఫాంటు విషయంలో సన్నం–లావు తేడా తక్కువగా ఉన్నది మేలు. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ చాలా పనులకు నమ్మకమైనది. రామభద్ర బాగా లావు. ఒక పదానికో శీర్షికకో బాగుంటుంది గానీ నాలుగు పాదాలు దాంతో పెడితే లోపలి ఖాళీలు పూడిపోయి ముద్దలా కనిపిస్తుంది. పాత పద్యమైతే అరసున్న, బండి ఱ ఆ ఫాంటులో ఉన్నాయో లేదో ముందే చూడండి. గీతలుగా మార్చిన ప్రతిని ఏ3 కాగితం మీద ముద్రించి, ఛందస్సు తెలిసిన ఒకరితో చదివించండి. రేకు కోశాక దీర్ఘం తప్పిందని తెలిస్తే రేకంతా పోయినట్టే.

ఒకటి రెండు రాత్రులకు: ప్రొజెక్టర్

గోడకు మేకు కొట్టక్కర్లేదు, ఒక్క రాత్రిలో పది పద్యాలు మార్చవచ్చు. రక్షిత కట్టడాల గోడలను తాకడానికే వీల్లేదు కాబట్టి అక్కడ, అనుమతి దొరికితే, ఇలా దూరం నుంచి వెలుగు వేయడమొక్కటే దారి.

ఎంత ప్రకాశం కావాలన్నది సులువైన భాగహారం. ల్యూమెన్లను (యంత్రం ఇచ్చే మొత్తం వెలుగు) గోడ మీద పడే బొమ్మ విస్తీర్ణంతో భాగిస్తే లక్స్ (చదరపు మీటరుకు పడే వెలుగు) వస్తుంది. 3.2 × 1.8 మీటర్ల బొమ్మ అంటే 5.8 చదరపు మీటర్లు. 3500 ల్యూమెన్ల ప్రొజెక్టర్‌తో లెక్కకు 600 లక్స్. వెడల్పును రెట్టింపు చేసి 6.4 మీటర్లకు పెంచితే వెలుగు నాలుగోవంతుకు, 150కి పడిపోతుంది. వీధిదీపం దగ్గరి గోడ మీద ఎలాగూ 10–20 లక్స్ ఉంటుంది. పద్యం దానికి కనీసం పదింతలుండాలి. పెట్టె మీద రాసిన ల్యూమెన్లలో 70 శాతమే చేతికొస్తుందని పట్టుకుంటే, ఆటవెలదికి 3500 ధారాళంగా చాలు. పెద్ద గోడ నిండా కావాలంటే 7000కు తగ్గవద్దు. గోడ రంగు ఇంకో సగం కథ: సున్నం కొట్టిన తెల్లగోడ పడిన వెలుగులో 70–80 శాతం తిరిగిస్తుంది, ఎర్ర ఇటుక అందులో మూడోవంతు కూడా ఇవ్వదు, నల్లరాయి దాదాపు మింగేస్తుంది. నల్లరాతి గోడ మీద ఎన్ని ల్యూమెన్లు పోసినా డబ్బు దండగే.

ఎప్పుడూ నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు వేయండి. అయితే ప్రొజెక్టర్ నలుపు నిజంగా నలుపు కాదు, బూడిదరంగు దీర్ఘచతురస్రం గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది. లెన్సుకు పది పన్నెండు సెంటీమీటర్ల ముందు నల్ల అట్టతో చట్రం పెట్టి అంచులు కప్పితే ఆ పెట్టె ఆకారం చాలావరకు పోతుంది. పద్యం తెర మీద బొమ్మలా కాక గోడలోంచి పుట్టినట్టు కనిపించడానికి ఈ అట్ట ముక్కే కారణం. దీన్ని దాటవేయకండి.

దూరం: త్రో నిష్పత్తి (యంత్రానికీ గోడకూ ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 ఉంటే 3.2 మీటర్ల బొమ్మకు 4.8 మీటర్లు వెనక్కి పెట్టాలి. అది సరిగ్గా జనం నడిచే చోటు అవుతుంది, ప్రతి తలా పద్యం మీద నీడగా పడుతుంది. 0.5 నిష్పత్తి ఉన్న షార్ట్ త్రో అయితే 1.6 మీటర్లే. లేదంటే 3 మీటర్ల స్టాండు ఎక్కించాలి. అప్పుడు బొమ్మ వంకర పోకుండా కీస్టోన్ అనే సెట్టింగు ఎక్కువగా వాడితే అక్షరాల అంచులు బరకబారతాయి. లెన్స్ షిఫ్ట్ (లెన్సునే జరిపి బొమ్మను సర్దే వీలు) ఉన్న యంత్రం అడగండి.

వోల్టేజీ హెచ్చుతగ్గులు మన ఊళ్ళలో మామూలే. ల్యాంపు ప్రొజెక్టర్ ఒకసారి ఆరితే చల్లబడేదాకా మళ్ళీ వెలగదు. లేజర్ కాంతి ఉన్నవి వెంటనే వెలుగుతాయి. 400 వాట్ల యంత్రానికి 1 కేవీఏ యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయినా జనరేటర్ ఎక్కేవరకు పద్యం నిలబడుతుంది.

చూపించే పద్ధతి గురించి ఒక్క మాట. హోల్జర్ 1996లో ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది మీద మొదలుపెట్టిన ప్రొజెక్షన్లలో వాక్యాలు కిందినుంచి పైకి నెమ్మదిగా జరుగుతాయి. అది మనకూ నప్పుతుంది, ఎందుకంటే పాదం మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. కుడినుంచి ఎడమకు పరుగెత్తిస్తే యతి స్థానం (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) వచ్చేసరికి పాదం మొదటి అక్షరం పోయి ఉంటుంది. పద్యమైతే అసలు కదపకుండా 40 సెకన్లు నిలిపి, 2 సెకన్లలో మెల్లగా మార్చడం అన్నిటికంటే మంచిది. ఆటవెలదిని నింపాదిగా చదవడానికి పావు నిమిషం పడుతుంది. రెండోసారి చదువుకోవడానికి వ్యవధి ఇవ్వాలి.

కొన్ని వారాలకు: గోబో

గోబో అంటే దీపం ముందు పెట్టే చిన్న బిళ్ళ. దాంట్లో ఉన్న ఆకారమే గోడ మీద పడుతుంది. పెళ్ళి మండపాల్లో వధూవరుల పేర్లు పడేది దీంతోనే. ప్రొజెక్టర్ కంటే కరెంటు తక్కువ, చెడిపోయే భాగాలు తక్కువ, దుమ్మూ నీరూ చొరబడని ఐపీ65 రకం దొరికితే వానలోనూ వదిలేయవచ్చు. పద్యం మార్చాలంటే మాత్రం కొత్త బిళ్ళ చేయించాలి.

లోహపు బిళ్ళ తెలుగుకు పనికిరాదని గట్టిగా చెప్పవచ్చు. సున్న కోస్తే లోపలి ముక్క ఊడిపోతుంది, గోడ మీద సున్నకు బదులు తెల్లటి బిళ్ళ పడుతుంది. ర లోపల, ఠ లోపల, ఫాంటుని బట్టి మ, వల చిన్న చుట్టల లోపల కూడా ఇదే గొడవ. ప్రతి చోటా సన్నటి వంతెనలు వదలాలి. బి సైజు గోబో బయటి వ్యాసం 86 మి.మీ., బొమ్మ పట్టేది 64.5 మి.మీ. గుండ్రం. అందులో ఆటవెలది ఆకారం పెడితే దొరికేది 57 × 30 మి.మీ. నాలుగు పాదాలకు పంచితే అక్షరం ఒళ్ళు మూడు మి.మీ. కూడా రాదు. ఆ కొలతలో వంతెనలు వదిలి లోహం కోయడం కుదరని పని. గాజు బిళ్ళే చేయించండి, దాని మీద లోపలి ముక్కలు వాటంతటవే నిలుస్తాయి. ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ముద్రించి పెడితే దీపం వేడికి కొద్ది రోజుల్లోనే ముడుచుకుంటుంది, రంగు పోతుంది.

బొమ్మ గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఉత్పలమాల లాంటి వృత్తపద్యం కంటే పది అక్షరాల లోపు పంక్తులున్న చిన్న వచన కవిత గోబోకు చక్కగా అమరుతుంది. నేల మీద వేయడం అందంగా ఉంటుంది గానీ రెండు చిక్కులున్నాయి. దీపం వాలుగా ఉంటే ఒక పాదం స్పష్టంగా, ఇంకో పాదం మసకగా ఉంటుంది. తడిసిన తారురోడ్డు వెలుగును మన కంటికి కాకుండా ముందుకు తోసేస్తుంది, పద్యం కనిపించదు. వానాకాలంలో గోబోను గోడకే పరిమితం చేయండి.

ఏళ్ళ తరబడి ఉండాలంటే: కోసిన రేకు

శాశ్వతంగా పెట్టేదానికి మా సలహా ఇదే, పెద్దగా తటపటాయించకుండా. రేకులో అక్షరాలు కోసి, వెనక పాల రంగు అక్రిలిక్ పెట్టి, ఆ వెనక ఎల్ఈడీ మాడ్యూళ్ళు. కరెంటు లేనప్పుడూ పద్యం ఉంటుంది. పగలు కూడా చదవవచ్చు. మిగతా ఏ పద్ధతికీ ఆ గుణం ఇంతగా లేదు. ఊళ్ళో గ్లో సైన్‌బోర్డులు చేసేవాళ్ళే చేయగలరు, పాడైతే బాగుచేయడానికీ వాళ్ళే ఉంటారు.

రేకు 8 × 4 అడుగులు, అంటే 2440 × 1220 మి.మీ. అక్షరం ఒళ్ళు 110 మి.మీ.కి తగ్గిస్తే ఆటవెలది మొత్తం ఒకే రేకులో పడుతుంది, 13 మీటర్ల దాకా చదవవచ్చు. అతుకు లేకపోవడం పెద్ద లాభం. 2 మి.మీ. ఇనుప రేకు బరువు 47 కిలోలు, 3 మి.మీ. అల్యూమినియం 24 కిలోలు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇనుము వద్దు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అక్కడ గోధుమరంగు మచ్చలు పడుతుంది. 316 స్టీలుగానీ పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియంగానీ తీసుకోండి. ఏసీపీ షీటు (ప్లాస్టిక్‌కు రెండువైపులా పలుచని అల్యూమినియం ఉన్నది) చవక, కానీ దాన్ని రౌటర్ బిట్టుతో కోస్తారు. బిట్టు మందం 3 మి.మీ. అయితే అంతకంటే సన్నని సందులు రావు. వత్తుల మెలికలు మొద్దుబారతాయి.

సున్నల సమస్యకు ఇక్కడ మంచి విరుగుడు ఉంది. కోసేటప్పుడు ఊడిన లోపలి ముక్కల్ని దాచిపెట్టించి, వెనకున్న అక్రిలిక్ మీద వాటి స్థానంలో అంటించాలి. గట్టిపడే జిగురుతో మాత్రం అంటించకూడదు. అక్రిలిక్ వేడికి బాగా సాగుతుంది. చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల ఎండకూ మధ్య 40 డిగ్రీల తేడా వస్తే 2.4 మీటర్ల అక్రిలిక్ 6–7 మి.మీ. పెరుగుతుంది, ఇనుము ఒక్క మి.మీ. చిల్లరే పెరుగుతుంది. గట్టి జిగురు ఆ లాగుడుకు పగిలి మొదటి వేసవిలోనే సున్నలు రాలతాయి. సిలికాన్ వాడితే అది సాగుతుంది. అక్రిలిక్‌కు స్క్రూ రంధ్రాలు కూడా స్క్రూ కంటే 6–8 మి.మీ. పెద్దవిగా వేసి, వాషర్‌తో వదులుగా పట్టించాలి. బిగించేస్తే రంధ్రం దగ్గర బీట పడుతుంది.

లోపల పెట్టె లోతు 100 మి.మీ. ఉంచి, మాడ్యూళ్ళను 100 మి.మీ. దూరంలో పరవండి. లోతు కంటే దూరం ఎక్కువైతే అక్షరంలో చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తుంది. ఒక రేకుకు 24 × 12, అంటే 288 మాడ్యూళ్ళు. ఒక్కోటి 0.72 వాట్లయితే 207 వాట్లు. 12 వోల్టుల ఎస్ఎంపీఎస్‌ను (మెయిన్ కరెంటును 12 వోల్టులకు మార్చే పెట్టె) 70–80 శాతానికి మించి మోయించకూడదు కాబట్టి 150 వాట్లవి రెండు పెట్టండి. ఒకటి పోయినా రెండు పాదాలు వెలుగుతూ ఉంటాయి. వరుసలో 20 మాడ్యూళ్ళకు మించి గుచ్చితే చివరివి మసకబారతాయి. రోజుకు 5 గంటలు వెలిగితే యూనిట్ పైచిలుకు. రంగు 3000 కెల్విన్ పసుపుదనం ఉన్నది. నీలి తెలుపు వెలుగు వానాకాలపు పురుగుల్ని ఎక్కువగా పిలుస్తుంది. పెట్టె అడుగున 8 మి.మీ. రంధ్రాలు నాలుగు వేసి, వాటికి సన్న జాలీ పెట్టించండి. రంధ్రం లేకపోతే లోపల చెమ్మ నిలుస్తుంది, జాలీ లేకపోతే బల్లులు చేరి పాల రంగు మీద నీడలవుతాయి.

దీనికే ఇంకో రూపం ఉంది: వెనక అక్రిలిక్ లేకుండా, కోసిన రేకులోంచి దీపం వేసి నేల మీద పద్యాన్ని పరచడం. చూడముచ్చటగా ఉంటుంది, కానీ చాలా చోట్ల అక్షరాలు అలుక్కుపోతాయి. కారణం దీపం సైజు. మసక ఎంత వస్తుందో లెక్కించవచ్చు: దీపం వెడల్పును, రేకు నుంచి నేలకున్న దూరంతో హెచ్చించి, దీపం నుంచి రేకుకున్న దూరంతో భాగించాలి. 20 మి.మీ. సీఓబీ ఎల్ఈడీ (వెలుగంతా ఒకే చిన్న బిళ్ళ నుంచి వచ్చేది) రేకుకు 3 మీటర్ల దూరంలో, నేల 1.5 మీటర్ల దూరంలో ఉంటే అంచు మసక 10 మి.మీ. గీత మందం నేల మీద 30 మి.మీ. ఉంటే చక్కగా చదవవచ్చు. అదే చోట 100 మి.మీ. వెడల్పు ఫ్లడ్‌లైట్ పెడితే మసక 50 మి.మీ.; గీత కంటే మసకే పెద్దది. ఎక్కువ వాట్ల దీపం అడిగితే దుకాణంలో పెద్ద పలక ఉన్నదే ఇస్తారు, అది పద్యాన్ని చెరిపేస్తుంది. ఈ పద్ధతిలో లోపలి ముక్కలకు 3–4 మి.మీ. వంతెనలు తప్పవు. వంతెన నిలువుగా ఒకే దిక్కున అన్ని అక్షరాలకూ పెడితే అదొక శైలిలా ఉంటుంది.

అక్షరాలనే విడివిడిగా త్రీడీ లెటర్లుగా చేయించాలనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. తెలుగులో చాలా వత్తులు విడి ముక్కలు. ప, ష, స, హల తలకట్టూ విడి ముక్కే. 15 అక్షరాల పాదానికి పాతిక ముక్కలు రావచ్చు. ఎన్ని ముక్కలో ముందే లెక్కపెట్టి కొటేషన్‌లో రాయించండి. లేకపోతే పని తగ్గించుకోవడానికి వత్తును పై అక్షరానికి అతికించేస్తారు, రూపం చెడుతుంది.

ఒక్క మాటకు: నియాన్

పారిస్‌లో 1910లో ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ క్లాడ్ చూపించిన గాజు నియాన్ ఇప్పటికీ అందమైనదే. కానీ దానికి వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, గాజు వంచే చేయి తిరిగిన పనివాళ్ళు కావాలి. ఇప్పుడు మార్కెట్లో నియాన్ అని అమ్మేది సిలికాన్ ఎల్ఈడీ ఫ్లెక్స్. 6 × 12 మి.మీ. రకాన్ని 20–25 మి.మీ. వ్యాసార్ధం కంటే బిగువుగా వంచితే లోపలి పట్టీ తెగి ఆ ముక్క ఆరిపోతుంది. తెలుగు అక్షరం అంతా వంపులే. ఒళ్ళు 200 మి.మీ. ఉన్నా, దాని కింది వత్తు 100–120 మి.మీ. మాత్రమే, అందులో చుట్టలు ఇంకా చిన్నవి. అందుకని నాలుగు పాదాల పద్యం నియాన్‌లో వద్దు. వత్తులు తక్కువున్న ఒక పదం, మహా అయితే ఒక పాదం పెట్టండి. ‘అమ్మ’ వస్తుంది, ‘జ్యోత్స్న’ రాదు.

200 మి.మీ. అక్షరానికి సుమారు ఒక మీటరు ఫ్లెక్స్ పడుతుంది. 12 అక్షరాలకు 12 మీటర్లు, మీటరుకు 10 వాట్ల లెక్కన 120 వాట్లు, 150 వాట్ల ఎస్ఎంపీఎస్. 12 వోల్టుల ఫ్లెక్స్‌ను ఒక వైపు నుంచి 5 మీటర్లకు మించి నడపకండి. ఆరుబయట ఇది చెడేది ఎక్కువగా ఒకే చోట: కోసి టంకం వేసిన కొస. తీగ పక్క సన్నని సందులోంచి నీరు పాకి లోపలికి ఎక్కుతుంది. ప్రతి కొసకూ సిలికాన్ నింపి మూత పెట్టించి, తీగను కిందికి వంచి చుక్క జారిపోయేలా వదలాలి. పీవీసీ ఫ్లెక్స్ ఎండకు పసుపుబారుతుంది, సిలికాన్‌దే అడగండి.

పి10 బోర్డు, లేజర్

స్క్రోలింగ్ బోర్డు చవకే, అన్ని ఊళ్ళలో దొరుకుతుంది. అందులో వాడే పి10 మాడ్యూలు (చుక్కకూ చుక్కకూ మధ్య 10 మి.మీ. ఉన్న ఎల్ఈడీ పలక) 320 × 160 మి.మీ., ఎత్తులో 16 చుక్కలే. ఇంగ్లీషుకు 7 చుక్కలు చాలు. తెలుగుకు వత్తుతో సహా 32 కావాలి. కనుక రెండు వరుసలు పేర్చాలి, అక్షరాలను బొమ్మగానే ఎక్కించాలి. అయినా పరుగెత్తే అక్షరాల్లో పద్యం నిలవదు. కార్యక్రమ వివరాలకు వాడండి, పద్యానికి వద్దు.

గీతలు గీసే లేజర్ దూరపు కొండ మీద కూడా కనిపిస్తుంది. సెకనుకు 30 వేల బిందువులు గీసే యంత్రం, మినుకుమినుకుమనకుండా సెకనుకు 25 సార్లు తిరగాలంటే ఒక్కో సారికి 1200 బిందువులే దక్కుతాయి. తెలుగు అక్షరానికి 50–60 పోతాయి. అంటే 20 అక్షరాలు, ఒక ఉత్పలమాల పాదం. పాదం తర్వాత పాదం చూపించవచ్చు. కిరణం జనం తలలకు కనీసం 3 మీటర్ల పైనుంచి పోవాలి, విమానాశ్రయం దరిదాపుల్లో అసలు వద్దు.

మరి ఏది?

తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29న, నడి వానాకాలంలో వస్తుంది. ఒక్క రాత్రి కార్యక్రమం, పద్యాలు చాలా. ప్రొజెక్టరే సరైనది, కానీ పైకప్పు కింద పెట్టాలి. ప్లాస్టిక్ కవరు చుట్టేస్తే వేడి గాలి బయటికి పోక పది నిమిషాల్లో ఆగిపోతుంది. మూడు వైపులా తెరిచిన రేకు గొడుగు పెట్టండి. ఆ రోజు హైదరాబాద్‌లో సూర్యాస్తమయం సుమారు 6:35కి, విశాఖలో ఓ 20 నిమిషాలు ముందే. మరో అరగంటకు గానీ గోడ మీద పద్యం తేరుకోదు. 6 గంటలకు అతిథుల్ని పిలిచి ఖాళీ గోడ చూపించకండి. ఉగాదికైతే వాన భయం ఉండదు, నేల మీద గోబో, కోసిన రేకులోంచి నేల మీద పరిచే పద్యం రెండూ పనికొస్తాయి. మార్చి 21 ప్రపంచ కవితా దినోత్సవం కూడా ఆ దగ్గర్లోనే.

గ్రంథాలయం, పాఠశాల, కవి విగ్రహం పక్కన అయితే కోసిన రేకు. విగ్రహం దగ్గర వెలుగు విగ్రహం ముఖం మీద పడేలా బోర్డును ఎదురుగా పెట్టవద్దు, పక్కకు పెట్టండి. చెరువు కట్ట మీద ఒక్క పదం నియాన్ పెడితే నీళ్ళలో తలకిందుల ప్రతిబింబం కూడా దొరుకుతుంది. అక్కడ పొడవు పద్యం పెడితే అలల మీద గజిబిజే. నెల రోజుల పుస్తక ప్రదర్శనకు గాజు గోబో.

డబ్బు తక్కువగా ఉంటే, పద్యం చిన్నది చేయడం మేలు, అక్షరాలు చిన్నవి చేయకండి. నాలుగు పాదాలు 60 మి.మీ.లో కుక్కడం కంటే, అనుమతి ఉన్న ఒక్క పాదం 150లో పెడితే దారిన పోయేవాళ్ళు చదువుతారు.

కొటేషన్ అడిగేటప్పుడు సైన్‌బోర్డు వాళ్ళు అక్షరాలకు అంగుళాల లెక్కన, బోర్డుకు చదరపు అడుగుల లెక్కన చెబుతారు. అంగుళం అంటే వత్తుతో కలిపా, ఒళ్ళు మాత్రమేనా అని రాతలో తేల్చుకోండి. ఇక్కడే ఎక్కువ తగాదాలొస్తాయి. ఎస్ఎంపీఎస్ కంపెనీ, వాట్లు, రేకు రకం, మందం, ఎల్ఈడీ కెల్విన్, వారంటీలో వాన నష్టం ఉందా లేదా అన్నవీ అందులో ఉండాలి. బహిరంగ స్థలానికి మున్సిపాలిటీ అనుమతి, విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ విడివిడిగా తీసుకోవాలి. రోడ్డు కూడలి ఎదుట కదిలే అక్షరాలు పెట్టకండి, వాహనం నడిపేవాళ్ళు చదవడానికి తల తిప్పుతారు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చు) లేకుండా ఏ ఆరుబయటి దీపానికీ కరెంటు ఇవ్వవద్దు. తడి నేల మీద చెప్పుల్లేని పిల్లలు ఆ బోర్డును తాకి చూస్తారు.

ముందురోజు రాత్రి, అదే గంటకు, అదే చోట వెలిగించి చూడండి. 15 మీటర్ల దూరంలో ఒక బడి పిల్లను నిలబెట్టి పద్యం పైకి చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడి వత్తునో, ఖాళీనో సరిచేయడానికి ఇంకా ఒక పగలు మిగిలి ఉంటుంది.